నీళ్లు తగ్గవు, నీరటి ఓపిక తగ్గుతది

మా అపార్ట్‌మెంట్ నిజాంపేట్‌లో, 64 ఫ్లాట్లు. బోరు మోటార్ ఎప్పుడు వేయాలి, మంజీరా నీళ్లు ఏ రోజు వస్తయి, సంపు నిండకపోతే ఏ ట్యాంకర్ వాడికి ఫోన్ కొట్టాలి, సెల్లార్‌లో ఉన్న ఐదు వాల్వుల్లో ఏది ఎటు తిప్పితే ఏ బ్లాక్‌కి నీళ్లు ఎక్కుతయి, ఇదంతా సెక్రటరీ అంకుల్ ఒక్కడి బుర్రలోనే ఉంటది. పోయిన ఎండాకాలం కూతురి డెలివరీ అని ఆయన మూడు నెలలు డల్లాస్ వెళ్లిండు. రెండో రోజు పొద్దున్నే బీ బ్లాక్‌లో నీళ్లు బంద్. వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్‌లు, "వాటర్ ఏమైంది", "మెయింటెనెన్స్ టైంకి కడుతున్నాం కదా" అని. సెల్లార్‌లోకి దిగి వాల్వ్ ముట్టుకున్న పాపాన మాత్రం ఎవ్వరూ పోలేదు, నాతో సహా.

సాఫ్ట్‌వేర్ మీద రీసెర్చ్ చేసేవాళ్లు ఈ జబ్బుకి ట్రక్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టిన్రు. ఎంతమందిని లారీ గుద్దితే ప్రాజెక్ట్ ఆగిపోతదో ఆ లెక్క. పేరు కొంచెం అపశకునంగా ఉంది గానీ లెక్క కట్టే పద్ధతి మాత్రం బాగుంటది. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ కనపడేలా పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే సాఫ్ట్‌వేర్ కదా, అందులో ఏ ఫైల్ ఎవరు మొదలుపెట్టిన్రు, తర్వాత ఎవరెవరు చెయ్యి పెట్టిన్రు అన్న చరిత్ర అంతా రికార్డ్ అయ్యి ఉంటది. దాన్ని బట్టి ఒక్కో ఫైల్ బాగా తెలిసినోళ్లు ఎవరో తేలుస్తరు, తర్వాత ఎక్కువ ఫైళ్లు తెలిసిన మనిషి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ లిస్టులోంచి తీసేసుకుంటూ పోతరు, సగానికి పైగా ఫైళ్లు దిక్కులేనివి అయ్యేదాకా. బ్రెజిల్ పరిశోధకులు 2016లో, ఇట్లాంటి కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ అనే సైట్‌లో బాగా పేరున్న 133 ప్రాజెక్టులకి ఇట్లా లెక్క కడితే 65 శాతం ప్రాజెక్టుల్లో ఆ నంబర్ రెండు, లేదా ఒకటి. ఊరూ పేరూ లేని ప్రాజెక్టుల సంగతి కాదు ఇది, అందరూ వాడేవాటి సంగతి.

ఇదేం కొత్త కూడా కాదు. అడిగినోళ్లకి వెబ్ పేజీలు పంపే పని చేస్తూ సగం ఇంటర్నెట్‌ని మోసిన అపాచీ వెబ్ సర్వర్ మీద 2002లో వచ్చిన పేపర్‌లోనే, కోడ్ ఇచ్చినోళ్లు దాదాపు 400 మంది అయితే మార్పుల్లో 80 శాతానికి పైన మొదటి 15 మంది చేసినవే అని తేలింది. 2016లో ఇంకో టీమ్ ఒక్కసారి కోడ్ ఇచ్చి మళ్లీ కనపడని వాళ్లని లెక్కపెట్టింది. మనుషుల్లో వాళ్లు దాదాపు సగం, పనిలో వాళ్ల వాటా రెండు శాతం కూడా లేదు. గణేష్ మండపానికి చందా రాసిపోయినట్టు అన్నమాట, తప్పేం లేదు, చందా చందాయే, కానీ తొమ్మిది రోజులు రాత్రిళ్లు కాపలా పడుకునేది ఎవరనేది వేరే కథ.

మరి ఆ ఒక్కడు అలిసిపోతే ఏమైతది? 2024లో ఎక్స్‌జెడ్ అనే చిన్న టూల్ దగ్గర అదే చూసినం. ఫైళ్లని నొక్కి సైజు తగ్గించే పని దానిది, లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే మెషీన్లలో దాదాపు అన్నిట్లో ఉంటది, ఏళ్ల తరబడి ఒక్క మనిషి ఖాళీ టైంలో చూసుకుంటూ వచ్చిండు. 2022లో ఎవరో తెలియని అకౌంట్లు "అప్‌డేట్ ఎందుకు లేట్", "చేతకాకపోతే ఇంకొకరికి ఇచ్చెయ్" అన్నట్టు సతాయించడం మొదలుపెట్టినయి, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్ట్ అని గుర్తుపెట్టుకోండి అని ఆయన చెప్పి చూసిండు కూడా. అదే టైంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా సాయం చేసుకుంటూ, నమ్మకం సంపాదించి, తాళాలు చేతికొచ్చినంక అందులో దొంగ దారి పెట్టిన్రు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్‌కి సర్వర్‌లోకి లాగిన్ అవ్వడం అర సెకను లేట్ అవుతుంటే డౌట్ వచ్చి తవ్విండు, మార్చి 29న బయటపెట్టిండు, అప్పటికి అది టెస్టింగ్ వెర్షన్ల దాకానే వెళ్లింది కాబట్టి బతికిపోయినం. ఆ సతాయింపు మెసేజ్‌లు చదివినప్పుడు నాకు మా అపార్ట్‌మెంట్ గ్రూపే గుర్తొచ్చింది, నిజంగా.

ఇక్కడ ఎలినార్ ఆస్ట్రమ్ గురించి చెప్పాలి. చెరువులు, అడవులు, చేపలు దొరికే నీళ్లు, ఇట్లాంటి ఉమ్మడి ఆస్తుల్ని ఊరోళ్లే కట్టుబాట్లు పెట్టుకుని ఎట్లా కాపాడుకుంటరో జీవితమంతా చదివింది, 2009లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది, ఆ ప్రైజ్ అందుకున్న మొదటి ఆడమనిషి. ఓపెన్ సోర్స్ మీద రీసెర్చ్ చేసేవాళ్లలో చాలామంది ఆమె దగ్గర్నుంచే మొదలుపెడతరు. కానీ ఒక తేడా ఉంది. చెరువు నీళ్లు ఒకరు ఎక్కువ తోడుకుంటే ఇంకొకరికి తగ్గుతయి, సాఫ్ట్‌వేర్ కోటి మంది వాడినా అరిగేది లేదు. అరిగేది తూము దగ్గర కూర్చున్న మనిషి. మన తెలంగాణ ఊళ్లల్ల నీరటి ఉండేటోడు, ఏ పొలానికి ఎంతసేపు తూము తెరవాలో చూసేటోడు. ఇంకా తెరవవేంది అని పది మంది మీద పడితే ఆయన తీరిక, ఆయన ఓపిక, అవి తగ్గుతయి. కానీ పంట వచ్చినంక కల్లంలో ఆయన వాటా గింజలు ఆయనకి కొలిచి ఇచ్చేటోళ్లు, ఈ సాఫ్ట్‌వేర్‌ని ఊరికే వాడుకునే మన కంపెనీలకి ఆ ముక్క గుర్తులేదు.

వాటా ఎంత అంటారా, ఓపెన్ సోర్స్ అనేదే లేకుండా కంపెనీలు ఎవరికి వాళ్లు అదంతా రాసుకోవాల్సి వస్తే 8.8 లక్షల కోట్ల డాలర్లు అయితదని 2024లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి వచ్చిన పేపర్ అంచనా, అందులో 96 శాతం విలువ పుట్టించింది 5 శాతం డెవలపర్లే. ఇక 2014లో హార్ట్‌బ్లీడ్ అనే బగ్, అంటే కోడ్‌లో తప్పు, బయటపడ్డప్పుడు, అది దొరికిన, వెబ్‌సైట్ల తాళం బాధ్యత మోస్తున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్ సోర్స్ టూల్‌కి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. గచ్చిబౌలిలో ఒక టీమ్ లంచ్‌కి రెండుసార్లు వెళ్తే అయ్యే ఖర్చు, కొంచెం అటూ ఇటూ.

డబ్బు ఒక్కటే అయితే ఈ రీసెర్చ్ అంతా ఎందుకు గానీ, కొత్తోళ్లు ఎందుకు నిలబడరు అనేదే నాకు ఎక్కువ ఇంట్రెస్ట్. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో పెద్ద కాన్ఫరెన్స్ ఐసీఎస్‌ఈ 2014లో మన హైదరాబాద్‌లోనే జరిగింది, రోహిణి కార్తె ఎండల్లో, సరిగ్గా తెలంగాణ వచ్చిన వారం. ఊరంతా వేరే సంబరంలో ఉంది, నాకైతే అప్పుడు ఆ పేరు కూడా తెలీదు. పుల్ రిక్వెస్ట్‌ల మీద, అంటే "నేనిట్లా మార్చిన, చూసి కలుపుకోండి" అని పంపే దరఖాస్తుల మీద, అక్కడ వచ్చిన ఒక పేపర్‌లో తేలింది ఏందంటే, వెనక్కి కొట్టినవాటిలో టెక్నికల్ కారణంతో పోయినవి 13 శాతమే. ఇంకో పేపర్ ప్రకారం ప్రాజెక్ట్ నడిపేవాళ్లతో ముందే పరిచయం ఉంటే దరఖాస్తు పాస్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇది చెప్పడానికి పేపర్ కావాల్నా అని మా అమ్మ నవ్వుద్ది.

నాకు బాగా నచ్చింది మాత్రం 2012లో మింగ్హుయ్ ఝౌ, ఆడ్రిస్ మోకస్ రాసింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా, లినక్స్‌కి డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టుల్లో ఏళ్ల తరబడి ఉండిపోయినోళ్లు మొదటి నెల ఎట్లా ఉన్నరో వెనక్కి తిరిగి చూసిన్రు. చెప్పిన బగ్ ఒక్కటైనా బాగయితే ఆ మనిషి నిలబడిపోయే అవకాశం రెండింతలు దాటుతది. వచ్చీ రాగానే కంప్లయింట్ పెట్టకుండా వేరేవాళ్ల కంప్లయింట్ కింద ఒక మాట రాసినోళ్లకి కూడా అంతే. పైగా ప్రాజెక్ట్ ఎంత పాపులర్ అయితే కొత్తోళ్లు నిలబడే ఛాన్స్ అంత తక్కువంట, ముందు వింతగా అనిపించింది, తర్వాత వెయ్యి మంది పిలుపులున్న పెళ్లికి వెళ్లి "భోంచేసినవా" అని అడిగే మనిషి లేక కవర్ ఇచ్చి వచ్చేసిన రోజు గుర్తొచ్చింది.

నాకూ అయ్యింది ఇది. పీడీఎఫ్‌లు తయారుచేసే ఒక లైబ్రరీలో, అంటే వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే రెడీమేడ్ కోడ్‌లో, "లక్ష్మి" అని కొడితే మకార ఒత్తు ఎక్కడో పక్కకి పోయి పడేది, స్క్రీన్‌షాట్‌తో సహా కంప్లయింట్ రాసిన. ఏడు నెలలు ఉలుకూ పలుకూ లేదు, ఆఖరికి ఒక బాట్, అంటే తనంతట తానే నడిచే ప్రోగ్రామ్, వచ్చి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి మూసేస్తున్నా అంది. ఎవరూ మాట్లాడకపోవడమే కదా నా బాధ! మళ్లీ అటు పోలేదు. ఇంకో చిన్న ప్రాజెక్ట్‌లో రెండో రోజే ఎవరో "నాకు తెలుగు రాదు, సరైన రూపం ఎట్లుంటదో బొమ్మ పెడతవా" అని అడిగిన్రు, అంతే, మూడేళ్లయ్యింది, ఇంకా అక్కడే ఉన్న.

అంకుల్ ఆగస్టులో వచ్చిండు. పోయిన ఆదివారం "వాల్వులు నాకూ చూపియ్యండి అంకుల్" అంటే సంతోషంగా సెల్లార్‌లోకి తీసుకపోయిండు, మూడోది ఎడమకి తిప్పాలంట, మిగతావన్నీ కుడికి, ప్లంబర్ ఉల్టా బిగించిండంట పదేళ్ల కింద. మార్కర్‌తో గోడ మీద రాసిన. నాలుగోది తుప్పు పట్టి నా చేతికి తిరగలేదు, అది మాత్రం ఇంకా అంకుల్‌కే లొంగుతది.