వెయ్యి ఆటల పెట్టె: కేసు షాపువాడి మీదేనా?

తిరుపతిలో పాత వీడియో గేమ్ పెట్టెలు మళ్లీ కనిపిస్తున్నాయి. ప్యాక్‌మ్యాన్, గ్యాలగా, స్ట్రీట్ ఫైటర్ లాంటి వందల ఆటలు ఒకే పెట్టెలో వస్తున్నాయి. వాటితోపాటే పాత తగవూ లేచింది. ఇవన్నీ అనుమతి లేని నకళ్లు, నడిపేవాళ్లపై కేసులు పెట్టాలని ఒక వాదన. దుడ్డు పెట్టి కొన్నాం, లోపల ఏముందో మాకేం తెలుసని షాపువాళ్ల వాదన.

చిక్కుదారిలో చుక్కలు మింగుతూ దయ్యాల నుంచి తప్పించుకునే ప్యాక్‌మ్యాన్ ఆట పుట్టుక గురించి చాలామంది రాశారు. ఈ తగవు అర్థం కావాలంటే 1981, 82 దగ్గర ఆగాలి.

అమెరికాలో డగ్ మెక్రే, కెవిన్ కరన్ అనే ఎంఐటీ కుర్రాళ్లు కూడా మొదట గేమ్ మెషీన్లు నడిపినవాళ్లే. మిసైల్ కమాండ్ ఆట పాతబడి రాబడి తగ్గేసరికి, పెట్టెలో ఆటను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డుకు తగిలించే, ఆటను మార్చే కిట్ ఒకటి తయారుచేసి 'సూపర్ మిసైల్ అటాక్' పేరుతో అమ్మారు. మిసైల్ కమాండ్ తయారుచేసిన అటారీ కంపెనీ కోర్టుకెక్కింది. చివరికి రాజీ కుదిరింది. తయారీదారు ఒప్పుకోకుండా ఇలాంటి కిట్లు అమ్మబోమని కుర్రాళ్లు రాసిచ్చారు. ఆటలు చేసిపెట్టమని అటారీయే వాళ్లకు డబ్బిచ్చింది. అప్పటికే ప్యాక్‌మ్యాన్‌ను మార్చి చేసిన 'క్రేజీ ఒట్టో' వాళ్ల చేతిలో ఉంది. దాన్ని తీసుకెళ్లి, అమెరికాలో ప్యాక్‌మ్యాన్ మెషీన్లు అమ్మే మిడ్‌వే కంపెనీకి చూపించారు. 1982లో అదే 'మిస్ ప్యాక్‌మ్యాన్' అయ్యింది. లక్షకు పైగా మెషీన్లు అమ్ముడుపోయాయి.

అదే ఏడాది, ప్యాక్‌మ్యాన్‌ను పోలిన ఫిలిప్స్‌వాళ్ల ఆట 'కె.సి. మంచ్‌కిన్' కథ అడ్డం తిరిగింది. అందులో చుక్కలు 12, అవీ కదులుతుంటాయి. ప్యాక్‌మ్యాన్‌లో చిన్న చుక్కలే 240. అయినా అప్పీలు కోర్టు అమ్మకాలు ఆపించింది. చిక్కుదారి, పాయింట్ల పద్ధతి ఎవరైనా వాడుకోవచ్చు గానీ మింగే బొమ్మ, వెంటాడే దయ్యాలు అసలువాళ్లవేనని తేల్చింది. షాపుల్లో సేల్స్‌మెన్ దాన్ని ప్యాక్‌మ్యాన్ ఆట అని చెప్పి అమ్మిన సంగతీ తీర్పులోకెక్కింది.

నా లెక్కలో అసలు మలుపు ఇదే. హక్కుదారుతో కూర్చుని కాగితం రాసుకున్నవాళ్ల ఆట సొంత సరుకైంది. రాసుకోనివాళ్లది దొంగసరుకైంది.

మన ఊరి షాపువాడికి ఆ కాగితం రాసుకునే అవకాశం ఎప్పుడొచ్చింది? 90ల్లో రూపాయి బిళ్ల వేసి ఆడిన పిల్లలకు 'ముస్తఫా' ఆట తెలుసు. 1993లో జపాన్ గేమ్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చిన 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అదేనని వాళ్లకు తెలియదు, షాపులో చెప్పేవాళ్లూ లేరు. లైసెన్సు అమ్ముతామంటూ ఆ షాపుల మెట్లెక్కిన ఏజెంటును చూశామన్నవాళ్లు నాకైతే తగల్లేదు. చెన్నై రిచ్చీ స్ట్రీట్ లాంటి చోట్ల దొరికిన బోర్డు తెచ్చుకోవడం, పెట్టె వెనక తలుపు తీసి పాతది పీకి కొత్తది గుచ్చడం, అంతే పని. 1985లో జపాన్ కంపెనీలు పెట్టుకున్న జామా పద్ధతి వల్ల అసలు బోర్డయినా నకలు బోర్డయినా అదే 56 పిన్నుల కనెక్టరుకు సరిపోయేది. స్ట్రీట్ ఫైటర్‌లో గాల్లోంచి నిప్పుబంతులు విసిరే రకం ఒకటి ఉండేది. అది 'రెయిన్‌బో' అనే నకలు. దాని తాకిడికే, స్ట్రీట్ ఫైటర్ అసలు తయారీదారైన క్యాప్‌కామ్ 1992 చివర్లో వేగం పెంచిన సొంత వెర్షన్ దించాల్సి వచ్చింది.

అడగకుండా మా ఆట వాడుకోవద్దన్న కంపెనీల మాట న్యాయమైనదే.

మన కాపీరైట్ చట్టంలోకి కంప్యూటర్ ప్రోగ్రాములు 1984 సవరణతో వచ్చాయి. 1994 సవరణతో చేరిన 63బి సెక్షన్ కింద, నకలు ప్రోగ్రామని తెలిసి వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. అంటే షాపువాడికి తెలుసని ముందు రుజువు చేయాలి. పెట్టెలో ఆటలు నింపినవాడి విషయంలో, దాన్ని తెప్పించి ఊరూరా అమ్మినవాడి విషయంలో ఆ రుజువు కోసం అంత వెతుక్కోనక్కర్లేదు. కేసే పెట్టాలనుకుంటే, షాపులో పెట్టె జప్తు చేసే ముందు దాని బిల్లు అడిగి, అందులో పేరున్నవాడిని పిలిపించాలి.