గుడ్డ సంచి 7,100 సార్లు మొయ్యాలా?

మా ఇంట్లో బీరువా కింది అరలో తాంబూలం సంచులు ఓ ముప్ఫై దాకా ఉన్నాయి. పెళ్లి, గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్, ఎక్కడికెళ్లినా ఒకటి చేతిలో పెడతారు, కొన్నిటి మీద వధూవరుల పేర్ల పక్కనే ఓ ఆకుపచ్చ ఆకు బొమ్మ కూడా ఉంటుంది. ఆ ఆకు నిజమేనా అని తేల్చడానికి ఓ పద్ధతి ఉంది. పత్తి చేనుకి పెట్టిన నీళ్లు, ఎరువు, మిల్లులో కాలిన కరెంటు, అద్దకం, లారీ డీజిల్, ఆఖరికి సంచి చెత్తలో కలిసేదాకా అయ్యే నష్టమంతా లెక్కగట్టడం. దీన్ని లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ అంటారు.

2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ సూపర్‌మార్కెట్ సంచుల మీద ఈ లెక్క వేయించింది. ఒక పల్చటి ప్లాస్టిక్ సంచికి సాటి రావాలంటే కాటన్ సంచిని 7,100 సార్లు వాడాలట, సేంద్రియ పత్తిదైతే 20,000 సార్లు! వారానికోసారి సంతకెళ్లేవాళ్లకి 7,100 అంటే 136 ఏళ్లు. ప్లాస్టిక్‌ని వెనకేసుకొచ్చేవాళ్లకి పండగే.

కానీ ఆ అంకె ఎలా వచ్చిందో చూడాలి. వాతావరణ మార్పు, ఓజోన్ పొర, గాలిలో దుమ్ము, చెరువుల్లో నాచు, ఇలా డజనుకి పైగా నష్టాలు విడివిడిగా కొలిచి, అన్నిట్లోకీ ఘోరమైనదాన్ని పైకి తీశారు. కాటన్‌కి అది ఓజోన్ పొర దగ్గర వచ్చింది. వాతావరణం ఒక్కటే చూస్తే అదే సంచికి 52 సార్లు చాలు, అంటే వారానికోసారి చొప్పున ఏడాది. సేంద్రియ సంచి సంగతి ఇంకా తమాషా. పోలికకి పెట్టుకున్న కొలత 22 లీటర్లు, 12 కిలోలు, ఆ సంచి కాస్త చిన్నది కాబట్టి ఒకటి బదులు రెండు లెక్కేశారు, పైగా సేంద్రియ సాగులో దిగుబడి తక్కువ. ఇక రోడ్డు మీద ఎగిరే కవర్లంటారా, డెన్మార్క్‌లో చెత్తని కాల్చి వేడీ కరెంటూ తీస్తారు, అందుకని ఆ నష్టం లెక్కలోకే రాలేదు. మన దగ్గర అదే కవరు నాలాకి అడ్డం పడుతుంది, ఆవు కడుపులో చేరుతుంది. 120 మైక్రాన్ల కంటే పల్చటివాటిని 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించింది ఈ చెత్త బాధకే.

అంకె అబద్ధం కాదు, మనం అడిగిన ప్రశ్న వేరు, అది జవాబిచ్చిన ప్రశ్న వేరు.

ఇంత లెక్కని ఓ ప్యాకెట్ మీద ఇరికించాలంటే మరీ కష్టం. 2007లో బ్రిటన్‌లో వాకర్స్ చిప్స్ ప్యాకెట్ మీద 75 గ్రాముల కార్బన్ అని, అంటే ఆ ప్యాకెట్ వల్ల గాలిలో కలిసేది ఎంతో, వేశారు. డెబ్బై అయిదు ఎక్కువా తక్కువా? చిప్స్ కొనేవాడికేం తెలుసు! అక్కడి సూపర్‌మార్కెట్ టెస్కో కూడా ఇలాంటి లేబుళ్లు వేసి 2012లో మానుకుంది, ఒక్కో వస్తువు లెక్కకే నెలలు పట్టేది, మిగతా దుకాణాలూ కలిసి రాలేదు. మన దేశంలో 2024 అక్టోబరు నుంచి, ఆధారం చూపకుండా ప్రకటనల్లో 'గ్రీన్', 'ఎకో ఫ్రెండ్లీ' అని రాసుకోకూడదని మార్గదర్శకాలు వచ్చాయి. పెళ్లి సంచికి ఆ బెడద లేదనుకోండి.

నేను సంతకి పట్టుకెళ్లేది మాత్రం మా పిన్ని కూతురి పెళ్లిలో ఇచ్చిన ఒక్కటే, అది 52 ఎప్పుడో దాటేసింది. మిగతా ఇరవై తొమ్మిదీ కొబ్బరికాయ తీసి మడతపెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.