కమ్యూనిటీ బ్లాక్‌చెయిన్ గ్రాంట్లు: అపోహలు - వాస్తవాలు

గ్రాంటు రౌండు మీద గొడవ బయటపడేది ఫలితాలు వచ్చిన రోజున. దాని మూలం మాత్రం చాలాసార్లు దరఖాస్తులు తెరవకముందే ఉంటుంది. ఏ ప్రమాణానికి ఎన్ని మార్కులో రాసిపెట్టరు. ఒక్క ప్రాజెక్టుకు గరిష్ఠంగా ఎంత ఇవ్వొచ్చో చెప్పరు. కమిటీ సభ్యుడి స్నేహితుడే దరఖాస్తు చేస్తే ఏం చేయాలో తేల్చుకోరు. పేర్లు చూశాక రాసిన నియమం ఎంత నిజాయితీగా రాసినా ఎవరికోసమో రాసినట్టే కనబడుతుంది. ట్రెజరీ (ఉమ్మడి నిధి) నుంచి గ్రాంట్లు పంచే డావోల్లో (సభ్యులే ఓట్లతో నడుపుకునే బ్లాక్‌చెయిన్ సంఘాల్లో), ఫౌండేషన్లలో తరచూ వినబడే అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: అందరికీ ఓటు ఇచ్చేస్తే న్యాయం దానంతటదే జరుగుతుంది

వాస్తవం: టోకెన్‌కు (బ్లాక్‌చెయిన్ మీది డిజిటల్ నాణేనికి) ఒక ఓటు అంటే టోకెన్లు ఎక్కువున్నవాళ్లదే పైచేయి. ఇది అందరికీ తెలిసిందే. మనిషికో ఓటు అన్నా ఇంకో చిక్కు ఉంది, అది చదివే ఓపిక. 150 దరఖాస్తులు, ఒక్కోదానికి 10 నిమిషాలు అనుకున్నా 25 గంటల పని. పైసా తీసుకోకుండా ఓటేసేవారు అంత సేపు కూర్చోరు. పేరు విన్న ప్రాజెక్టుకో, జాబితాలో పైన కనబడినదానికో వేసి ఊరుకుంటారు. 2023లో ఆప్టిమిజం అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ మూడో రెట్రో రౌండులో (అప్పటికే చేసిన పనికి డబ్బిచ్చే రౌండు) దాని సొంత ఓపీ టోకెన్లు 3 కోట్ల కోసం ఓటర్ల ముందు ఆరు వందలకు పైగా ప్రాజెక్టులు నిలిచాయి. ఆ తర్వాతి రౌండ్లను ఒక్కో అంశానికి పరిమితం చేస్తూ వచ్చారు.

అందుకే ఓటును చివర పెట్టాలి. మొదట అర్హత వడపోత. ఇక్కడ అవును, కాదు అనే జవాబులే ఉంటాయి, మార్కులు ఉండవు. తర్వాత రివ్యూయర్ల స్కోరు. ఓటర్ల ముందుకు 20 నుంచి 30కి మించని జాబితా వెళ్లాలి, అదీ ఒక్కో ఓటరుకు ఒక్కో వరుసలో. వర్గాలవారీ బడ్జెట్‌ను కూడా ముందే విడగొట్టి ప్రకటించాలి. లేకపోతే డాక్యుమెంటేషన్, టెస్టింగ్ టూల్స్, లైబ్రరీల నిర్వహణ లాంటి పైకి కనబడని పనులు కొత్త యాప్‌లతో పోటీపడి ప్రతిసారీ ఓడిపోతాయి.

అపోహ: క్వాడ్రాటిక్ ఫండింగ్ పెడితే డబ్బున్నవాళ్ల ఆట సాగదు

వాస్తవం: ఒక మనిషికి ఒకే వాలెట్ (టోకెన్లు ఉంచుకునే ఖాతా) ఉన్నంతవరకే ఇది నిజం.

విటాలిక్ బ్యుటెరిన్, జోయీ హిట్జిగ్, గ్లెన్ వైల్ 2018లో ప్రతిపాదించిన ఈ పద్ధతిని గిట్‌కాయిన్ అనే నిధుల వేదిక 2019 నుంచి పెద్ద ఎత్తున వాడింది. లెక్క తేలికే. ఒక ప్రాజెక్టుకు వచ్చిన ఒక్కో విరాళానికి వర్గమూలం కట్టి, అన్నీ కూడి, వచ్చిన మొత్తాన్ని వర్గం చేయాలి. అందులోంచి అసలు విరాళాలు తీసేస్తే మిగిలేది మ్యాచింగ్, అంటే ఉమ్మడి నిధి (పూల్) నుంచి ఆ ప్రాజెక్టుకు కలిపేది. వంద మంది తలా 1 డాలరు ఇస్తే వర్గమూలాల మొత్తం 100, దాని వర్గం 10,000, మ్యాచింగ్ 9,900. ఒక్కరే 100 డాలర్లు ఇస్తే వర్గమూలం 10, వర్గం 100, మ్యాచింగ్ సున్నా.

ఇప్పుడు ఆ ఒక్కరే తన 100 డాలర్లను నాలుగు వాలెట్లలో 25 చొప్పున పెట్టారనుకోండి. వర్గమూలాల మొత్తం 20, వర్గం 400, మ్యాచింగ్ 300. నూరు వాలెట్లు చేస్తే మళ్లీ 9,900. కొత్త వాలెట్ తెరవడానికి ఖర్చేమీ లేదు కాబట్టి ఈ సిబిల్ దాడికి (ఒకరే చాలామందిగా నటించడానికి) ప్రోత్సాహం సూత్రంలోనే ఉంది. పూల్ పరిమితం కాబట్టి అన్ని ప్రాజెక్టుల మ్యాచింగ్‌నూ అదే నిష్పత్తిలో కుదిస్తారు. అంటే ఒకరి దొంగ వాలెట్లు మిగతా అందరి వాటానూ కోస్తాయి.

ఒక్క కవచం చాలదు, మూడు నాలుగు కలపాలి. మనిషే అని తేల్చే పాస్‌పోర్ట్ తరహా స్కోరు ఒకటి. ఒకే చోటి నుంచి నిధులు అందిన వాలెట్లను, ఒకే ప్రాజెక్టుల గుంపుకు కలిసికట్టుగా ఇచ్చేవాళ్లను గుర్తించి వారి ప్రభావాన్ని తగ్గించడం రెండోది. ఒక్క ప్రాజెక్టుకు పూల్‌లో 10 శాతమో 15 శాతమో గరిష్ఠ పరిమితి మూడోది. ఇక నాలుగోది చాలామంది ఎగ్గొట్టేది. తుది లెక్కను, తీసేసిన విరాళాలను, తీసేసిన కారణాలను చెల్లింపుకు కనీసం వారం ముందు బయటపెట్టి అభ్యంతరాలు తీసుకోవాలి. గుర్తింపు స్కోరుకు కనీస హద్దు ఎంతో రౌండు తెరవకముందే ప్రకటించాలి. మధ్యలో పెంచితే నిజమైన దాతలూ బయట పడతారు, దొంగలు అప్పటికే దాటేసి ఉంటారు.

అపోహ: ఫారం ఎంత పెద్దదైతే దరఖాస్తులు అంత గట్టిగా ఉంటాయి

వాస్తవం: పెద్ద ఫారం వడకట్టేది చేతకానివాళ్లను కాదు, తీరిక లేనివాళ్లను. ఫారాలు నింపడమే పనిగా పెట్టుకున్న బృందాలు ఎంత పొడవైనా నింపుతాయి. రాత్రిపూట కోడ్ రాసే ఇద్దరు మనుషులు మూడో పేజీలో వదిలేస్తారు. అడిగే శ్రమ ఇచ్చే డబ్బుకు తగ్గట్టుండాలి. 5,000 డాలర్ల లోపు గ్రాంటుకు గంటలో పూర్తయ్యే ఫారం చాలు. పెద్ద మొత్తాలకు రెండు దశలు పెట్టండి: మొదట ఒక పేజీ, అది దాటినవాళ్లకే పూర్తి ప్రతిపాదన.

అడగాల్సినవి ఆరు. ఏం చేస్తారు, ఎవరికి పనికొస్తుంది, ఇప్పటికే ఉన్న పనులతో తేడా ఏమిటి, మనిషికి రోజుల లెక్కన బడ్జెట్, ఇంకెక్కడి నుంచి డబ్బు వచ్చింది లేదా అడిగారు, గ్రాంటు అయిపోయాక ఎవరు చూసుకుంటారు. ప్రతిదానికీ పదాల పరిమితి పెట్టాలి. భాష సొంపుకు మార్కులు వద్దు. చాట్‌బాట్‌లు వచ్చాక నున్నటి వాక్యం దేనికీ రుజువు కాదు.

అపోహ: రివ్యూయర్లు నిపుణులైతే స్కోరును నమ్మవచ్చు

వాస్తవం: 2014లో నిప్స్ అనే మెషిన్ లెర్నింగ్ సదస్సు 166 పరిశోధనా పత్రాలను రెండు వేర్వేరు కమిటీలకు ఇచ్చి చూసింది. 43 పత్రాల మీద నిర్ణయాలు కలవలేదు. ఒక కమిటీ ఒప్పుకున్నవాటిలో సగానికి పైగా రెండో కమిటీ తిరస్కరించింది. వాళ్లందరూ ఆ రంగంలో ఆరితేరినవాళ్లే. గ్రాంటు కమిటీ ఇంతకన్నా నిలకడగా ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు.

తేడాను పూర్తిగా తీసేయలేం, తగ్గించవచ్చు. అంకెకు అర్థం రాసిపెట్టడం మొదటి పని. "నిర్వహణ" అనే ప్రమాణమే తీసుకోండి. 1 అంటే గ్రాంటు తర్వాత ఎవరు చూస్తారో రాయలేదు. 3 అంటే పేరు రాశారు, సమయం రాయలేదు. 5 అంటే ఇద్దరు మెయింటైనర్లు, వారానికి ఎన్ని గంటలో, ఆ ఖర్చు ఎక్కడి నుంచో రాశారు. ఇలా లేకపోతే ఒకరి 3 ఇంకొకరి 5 అవుతుంది. అసలు పని మొదలయ్యే ముందు రివ్యూయర్లందరూ పాత రౌండువి మూడో నాలుగో దరఖాస్తులకు మార్కులు వేసి పోల్చుకోవాలి. ఒక్కో దరఖాస్తుకు కనీసం ముగ్గురు ఉండాలి. ఎవరి స్కోరు వాళ్లు వేసి లాక్ చేశాకే చర్చ. ముందే మాట్లాడుకుంటే గొంతు పెద్దదున్నవారి మార్కే అందరి మార్కూ అవుతుంది. రెండు అంకెలకు మించి తేడా వస్తే నాలుగో మనిషితో చదివించండి.

చేయి బిగించేవారు, ధారాళంగా వేసేవారు ఎప్పుడూ ఉంటారు. కాబట్టి నేరుగా సగటు తీయకుండా ఒక్కొక్కరి స్కోర్లను వారి సొంత సగటుతో సరిచూసి కలపాలి. ఒకరు కనీసం పదిహేను దరఖాస్తులైనా చదివితేనే ఈ సవరణకు అర్థం. అంతకన్నా తక్కువైతే అది కూడా ఊహే.

ఇక గీత మీద నిలిచినవి. 3.42 వచ్చినదానికి ఇచ్చి 3.39 వచ్చినదానికి లేదనడం ఖచ్చితత్వంలా కనబడుతుంది కానీ, ఆ 0.03 తేడాకు అర్థమేమీ లేదు. న్యూజిలాండ్ హెల్త్ రీసెర్చ్ కౌన్సిల్ తన ఎక్స్‌ప్లోరర్ గ్రాంట్లను 2013లో అర్హుల మధ్య లాటరీతో ఇవ్వడం మొదలుపెట్టింది. స్విస్ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కూడా గీత దగ్గర తేలనివాటికి చీటీ తీస్తోంది. బ్లాక్‌చెయిన్ వాళ్లకు ఇది ఇంకా తేలిక. జాబితాను ఖరారు చేసి దాని హ్యాష్ (ఒక్క అక్షరం మారినా మారిపోయే డిజిటల్ వేలిముద్ర) ప్రకటించండి. డ్రాండ్ లాంటి బహిరంగ యాదృచ్ఛిక సంఖ్యల సేవలో రాబోయే ఒక రౌండు నంబరును, సంఖ్య నుంచి విజేతను తేల్చే సూత్రాన్ని ముందే చెప్పండి. తర్వాత ఎవరైనా లెక్క సరిచూసుకోవచ్చు. మామూలు బ్లాక్ హ్యాష్ వాడొద్దు, బ్లాక్ తయారుచేసేవారికి దాన్ని కొంత వంచే వీలుంటుంది.

అపోహ: మొత్తం చైన్ మీద పెడితేనే పారదర్శకత

వాస్తవం: ఒకసారి చైన్ మీదకెక్కిన వివరం తిరిగి రాదు. దరఖాస్తుదారు ఇమెయిలు, గుర్తింపు పత్రం, తిరస్కరించిన రివ్యూయర్ పేరు అక్కడ ఉండాల్సినవి కావు. స్కోర్ల హ్యాష్‌ను ముందు పెట్టి, చర్చ ముగిశాక స్కోర్లు బయటపెడితే మధ్యలో మార్చలేదని రుజువవుతుంది. హ్యాష్ చేసేముందు ఒక రహస్య యాదృచ్ఛిక సంఖ్య కలపడం మరవొద్దు. 1 నుంచి 5 వరకు ఉన్న అంకెను అది లేకుండా హ్యాష్ చేస్తే ఐదు ప్రయత్నాల్లో విప్పేస్తారు.

అపోహ: మైల్‌స్టోన్లు పెట్టాం కాబట్టి డబ్బు భద్రం

వాస్తవం: "కమ్యూనిటీని పెంచుతాం" అనేది మైల్‌స్టోన్ (డబ్బు విడతకు ముడిపెట్టిన పని మెట్టు) కాదు, "వాలెట్ మాడ్యూల్ పూర్తి" అనేదీ అంతంతమాత్రమే. "టెస్ట్‌నెట్‌లో (ప్రయోగాల నెట్‌వర్క్‌లో) డిప్లాయ్ చేసిన కాంట్రాక్టు (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాం), ఓపెన్ సోర్స్ లైసెన్సుతో రిపాజిటరీ, కొత్తవారు సొంతంగా నడిపి చూసే సూచనలు" అంటే తనిఖీ చేయవచ్చు. వెబ్3 ఫౌండేషన్ ఏళ్ల తరబడి దరఖాస్తులను గిట్‌హబ్ పుల్ రిక్వెస్టులుగా (అందరూ చూసి వ్యాఖ్యానించగల ప్రతిపాదనలుగా) తీసుకుని, మైల్‌స్టోన్ పనిని కూడా బహిరంగంగానే సరిచూసింది. అనుకరించదగ్గ నమూనా ఇది.

మరీ బిగిస్తే ఇంకో అన్యాయం జరుగుతుంది. మొదటి విడత సున్నా అయితే చేతిలో పొదుపు ఉన్న బృందాలే రాగలవు. పని అయ్యాకే ఇచ్చే రెట్రో గ్రాంట్లదీ ఇదే లోపం. 20 నుంచి 30 శాతం ముందే ఇవ్వండి. తనిఖీ చేసేవారికి కూడా గడువుండాలి. పది పనిదినాల్లో జవాబు రాకపోతే విషయం పై స్థాయికి దానంతటదే వెళ్లాలి. ఎంపిక చేసినవారు, తనిఖీ చేసేవారు ఒకరే కాకుండా చూడండి. తన ఎంపిక తప్పని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టం.

అపోహ: గెలిచాక చెల్లింపు లాంఛనమే

వాస్తవం: ఆప్టిమిజం ఫౌండేషన్ 2022లో మార్కెట్ మేకర్ (టోకెన్ల కొనుగోళ్లు, అమ్మకాలు సాగేలా చూసే సంస్థ) వింటర్‌మ్యూట్‌కు 2 కోట్ల ఓపీ టోకెన్లు పంపింది. ముందు రెండు టెస్ట్ లావాదేవీలు పంపారు, అందాయని అటువైపు నుంచి జవాబూ వచ్చింది. కానీ ఆ చిరునామా ఇథీరియం మెయిన్‌నెట్ (ప్రధాన నెట్‌వర్క్) లోని మల్టీసిగ్‌ది, అంటే పలువురి సంతకాలతో తెరుచుకునే వాలెట్ కాంట్రాక్టుది. ఆప్టిమిజం మీద ఆ కాంట్రాక్టు అప్పటికి లేనే లేదు. వేరెవరో అదే చిరునామాలో కాంట్రాక్టు డిప్లాయ్ చేసి టోకెన్లు చేజిక్కించుకున్నారు. తర్వాత చాలావరకు తిరిగొచ్చాయి, అది అదృష్టం.

కాబట్టి "అందింది" అన్న మాట చాలదు. టెస్ట్ మొత్తాన్ని అదే చైన్‌లో, అదే చిరునామా నుంచి వెనక్కి పంపమని అడగండి. చిరునామా మార్పు కోరితే రెండో మార్గంలో నిర్ధారించుకోండి. మొత్తాన్ని డాలర్లలో ఖరారు చేసి స్టేబుల్‌కాయిన్‌లో (డాలరుతో విలువ ముడిపడిన టోకెన్లో) ఇవ్వడం మేలు. సొంత టోకెన్లోనే ఇవ్వాలంటే చెల్లింపుకు ముందు 30 రోజుల సగటు ధర వాడతామని ఒప్పందంలోనే రాయండి.

అపోహ: కారణాలు చెబితే గొడవలు పెరుగుతాయి

వాస్తవం: చెప్పకపోతేనే పెరుగుతాయి. ప్రతి తిరస్కరణకు ప్రమాణాలవారీ స్కోరు, రెండు మూడు వాక్యాల కారణం పంపండి. అప్పీలుకు 7 రోజులు ఇవ్వండి. అది ప్రక్రియలో పొరపాటు మీదే ఉండాలి: అర్హత తప్పుగా చూశారు, సంబంధం ఉన్న రివ్యూయర్ తప్పుకోలేదు, ఫైలు తెరవలేదు. "మా ప్రాజెక్టు మంచిది" అన్నది అప్పీలు కాదు. నెగ్గిన అప్పీళ్ల కోసం పూల్‌లో 5 శాతం పక్కన పెట్టాలి. లేకపోతే ఇప్పటికే ప్రకటించిన విజేత నుంచి లాక్కోవాల్సి వస్తుంది. మిగిలితే తర్వాతి రౌండుకు కలపవచ్చు.