‘వచ్చిండు’ తప్పెట్లయితది?

కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం అయిన సెప్టెంబరు 9 దగ్గరపడితే చాలు, హనుమకొండ తెలుగు సార్ల మధ్య పాత పంచాయితీ మళ్లీ లేస్తుంది. పరీక్ష పేపర్లో ‘వచ్చిండు’ అని రాసిన పిల్లవాడికి మార్కు కొయ్యాలా, వద్దా? బడి పలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలన్న కాళోజీ మాట అందరికీ తెలుసు కనుక అటు పోవడం లేదు. (ఈ వ్యాసం కూడా బడి భాషలోనే నడుస్తోంది, ఏం చేస్తాం.)

ముందు ‘వచ్చాడు’ను పైకి పలికి చూడండి. చ్చ తర్వాత కోస్తా నోట వినిపించేది ‘రాజు’లోని ఆ కాదు, ‘బ్యాంకు’లోని అచ్చు. దానికి వర్ణమాలలో అక్షరమే లేదు. బ్యాంకుకైతే యవత్తు తగిలించి సర్దుకున్నాం, క్రియకు అదీ లేదు. అర్థాన్ని మార్చే ధ్వనులనే వర్ణాలుగా లెక్కగట్టే భాషావేత్త ట్రుబెట్‌స్కోయ్ కాలపు పద్ధతిలో, ఇది వేరే వర్ణమా, ఆకారం నీడేనా అన్న తర్కం దగ్గరే బండి ఆగుతుంది.

అసలు మలుపు 1968. భాషావేత్తలు చామ్‌స్కీ, హాలే ఇంగ్లీషు ధ్వనుల మీద రాసిన పుస్తకం లెక్కను తిరగేసింది: మనసులో ఒక మూలరూపం ఉంటుంది, సూత్రాలు దాన్ని మార్చుకుంటూ నోటిదాకా తెస్తాయి. ఆ కళ్లతో చూద్దాం. మూలరూపం ‘వచ్చినాడు’ అనుకుంటే, కోస్తాలో నకారం జారిపోయి ఇ, ఆ కలిసిపోయాయి. ఓరుగల్లులో నకారం నిలిచింది, ఆకారం పోయింది, న పక్కకు డ చేరి ‘వచ్చిండు’ అయింది. రెండు చోట్లా ఏదో ఒకటి రాలింది.

ఇప్పుడు ‘వచ్చినది’ని తీసుకోండి. అది ‘వచ్చింది’ అయింది: అచ్చు పోయింది, నకారం నిలిచింది. అచ్చంగా ‘వచ్చిండు’ నడిచిన దారే! ఆడపిల్ల వస్తే ప్రమాణభాష, మగపిల్లవాడు వస్తే యాస.

పాఠ్యపుస్తకానికి ఒకే రూపం ఉండాలంటారు, మార్కు కొయ్యాలనే అవతలివారు. బహువచనానికి వస్తే మన ఊళ్లలోనే ‘వచ్చిన్రు’, ‘వచ్చిండ్రు’ రెండూ ఉన్నాయని గుర్తుచేస్తారు. నిజమే.

1993లో ప్రిన్స్, స్మొలెన్‌స్కీ అనే పరిశోధకులు ఒకదాని తర్వాత ఒకటి నడిచే ఆ వరస సూత్రాలనూ పక్కనపెట్టారు. నియమాలు అందరికీ అవే, వాటిలో దేనికి ఎక్కువ విలువ, దేనికి తక్కువ అన్నదే తేడా అన్నారు. ఆ లెక్కన నకారాన్ని కాపాడుకోవడం ఇక్కడ పెద్దపీట, అక్కడ చిన్నపీట.

‘వచ్చింది’ కింద ఎర్రగీత పడిన పేపరు మాత్రం నేనింతవరకూ చూడలేదు.