విస్కీ పీపాల మధ్య పనిచేసేవాడిగా: అపోహలు - వాస్తవాలు

మాది తాడిపత్రి. పద్నాలుగేళ్లుగా బెంగళూరు వైపు ఒక మాల్ట్ విస్కీ డిస్టిలరీలో పీపాల గోడౌన్ చూసుకుంటున్నాను. పండక్కి ఊరికొస్తే ఇవే ప్రశ్నలు.

అపోహ: మాల్ట్ అంటే ఏదో ఫారిన్ విద్య.

వాస్తవం: రాగి మాల్ట్ తాగని ఇల్లు మన జిల్లాలో ఉందా? అమ్మ రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, తెల్లగా మొలక కనబడగానే ఆరబోసి ఇసుర్రాయిలో విసిరేది. బార్లీకి చేసేదీ దాదాపు అదే. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెర చేస్తాయి, ఆ చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్ చేస్తుంది. స్కాట్లాండ్‌లో చాలా డిస్టిలరీలు ఈ పనిని పెద్ద ఫ్యాక్టరీలకు అప్పజెప్పేశాయి. క్యాంబెల్‌టౌన్‌లోని స్ప్రింగ్‌బ్యాంక్ మాత్రం తన బార్లీ మొత్తాన్నీ ఇప్పటికీ నేలమీద పరిచి, చేత్తో తిరగేసి మొలకెత్తిస్తోంది. 2005లో మొదలైన కిల్‌హోమన్ కూడా సొంత పొలం బార్లీలో కొంత ఇలాగే చేస్తోంది.

అపోహ: ఎంత పాతదైతే అంత మంచిది.

వాస్తవం: గొడవంతా దీని దగ్గరే. "ఏం మామా, పద్దెనిమిదేండ్ల సరుకు ఒకటి తేగూడదా?" అంటాడు మా మేనల్లుడు. స్కాట్లాండ్ చలిలో పీపాలో ఊరే విస్కీ ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైపోతుంది. బెంగళూరులో 10 శాతం పైమాటే. 200 లీటర్లు నింపితే ఐదేళ్లకు మిగిలేది 120కి అటూఇటూ, పద్దెనిమిదేళ్లకు 30 కూడా అనుమానమే. మన ఎండకు ఓక్ చెక్క రంగూ రుచీ తొందరగా దిగుతాయి. ఒకసారి నేనే బద్ధకించి, మూలనున్న పీపాను ఇంకో వేసవి వదిలేశాను. చుక్క నాలుక మీద వేసుకుంటే కరక్కాయ కొరికినంత ఒగరు. ఆ పీపా పేరెత్తితే నాకిప్పటికీ సిగ్గే. 2004లో బెంగళూరు కంపెనీ అమృత్ తన సింగిల్ మాల్ట్‌ను (ఒకే డిస్టిలరీలో, మాల్ట్ చేసిన బార్లీతోనే తీసిన విస్కీ) స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలోనే విడుదల చేసింది. ఏళ్ల లెక్కతోనే తూచి ఉంటే ఆ ధైర్యం వచ్చేది కాదు.

అపోహ: రంగు ముదురైతే అసలు సరుకు.

వాస్తవం: రాగి లోహపు బట్టీ నుంచి దిగేటప్పుడు విస్కీ నీళ్లలా ఉంటుంది. రంగు పీపాది. స్కాచ్‌లో కూడా కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది.

అపోహ: ఖరీదైన మాల్ట్ ఒంటికి ఏమీ చేయదు.

వాస్తవం: 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న సరుకు ఏ సీసాదైనా సరే, 30 మి.లీ. పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ధర ఎంతైనా లివర్‌కు అదే పని. జలుబని పసిపిల్లల నోట్లో చుక్క వేసేవాళ్లను మా వీధిలోనే చూశాను. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.