ఏఎంసీ ఇరవై శాతం: ఈ లెక్క ఎక్కడ మొదలైంది

ఫిబ్రవరి దాటిందంటే బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడలోని చిన్న కంపెనీలకు రెన్యువల్ కొటేషన్లు వరస కడతాయి. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌కు ఒకటి, డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ఒకటి, కాస్త పెద్ద యూనిట్ అయితే కంపెనీ పనులన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీకి ఇంకొకటి. కాగితం మీద ఏటీఎస్ అనో, సపోర్ట్ అనో రాసి ఉన్నా నోటిమాటలో అన్నీ ఏఎంసీలే, అంటే ఏటా లైసెన్స్ ధరలో ఇరవై శాతం అటూఇటూగా కట్టే మెయింటెనెన్స్ కాంట్రాక్టులే. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ డైలు, మోల్డులు చేసే టూల్‌రూమ్‌లు, మెషిన్ షాపులు పెట్టుకున్న మనవాళ్లు ఆడిటర్‌ను ఏటా అడిగేది ఒకటే: "బాగానే నడస్తా ఉంది కదా సార్, మళ్లీ దుడ్డు ఎందుకు కట్టాల?"

న్యాయమైన ప్రశ్నే. లేత్ మెషిన్‌కు బేరింగులు అరుగుతాయి, బెల్టులు తెగుతాయి. సాఫ్ట్‌వేర్‌లో అరిగేదేమీ లేదు. అరగని దానికి మెయింటెనెన్స్ ఏమిటి?

ఈ పద్ధతి పుట్టినప్పుడు అరిగేది మెషినే. 1960లలో ఐబీఎం కంప్యూటర్ తీసుకుంటే ప్రోగ్రాములు, వాటిని సరిచేసే ఇంజినీర్లు అంతా అందులోనే వచ్చేవి. సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధర లేదు. 1969 జనవరిలో అమెరికా న్యాయశాఖ ఐబీఎం మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. అదే ఏడు జూన్‌లో, ఇకపై సాఫ్ట్‌వేర్‌కూ సేవలకూ వేరే బిల్లు అని ఆ కంపెనీ ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ మాత్రమే అమ్ముకుని బతకొచ్చన్న ధైర్యం మిగతావాళ్లకు అప్పుడు వచ్చింది. 1972లో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు జర్మనీలో ఈఆర్‌పీ కంపెనీ శాప్ పెట్టారు, 1977లో అమెరికాలో డేటాబేస్ కంపెనీ ఒరాకిల్ మొదలైంది.

మన దేశంలో కథ ఇంకోలా నడిచింది. 1978లో ఐబీఎం ఇక్కడ దుకాణం కట్టేసింది. అది వదిలిపోయిన మెషిన్లను చూసుకునే బాధ్యత ఒక ప్రభుత్వ సంస్థకు అప్పగించారు. దాని పేరే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. మనకు తెలిసిన సీఎంసీ అదే. హైదరాబాద్‌లో వేళ్లూనుకుని, చివరికి 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది. తయారీదారు లేకపోయినా బయటివాళ్లు మెయింటెనెన్స్ చేయగలరని మన దగ్గర అప్పుడే రుజువైంది. హార్డ్‌వేర్ కాబట్టి కుదిరింది. సాఫ్ట్‌వేర్‌లో సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్, కంపెనీ చేతిలోనే ఉంటుంది. అది లేనిదే బయటివాళ్లు చేయగలిగేది కొంతే.

ఆ పట్టు విలువ ఎంతో 2008లో బయటపడింది. అప్పటిదాకా శాప్ మామూలు సపోర్ట్‌కు లైసెన్స్ ధరలో 17 శాతం తీసుకునేది. ఒరాకిల్ అప్పటికే 22 తీసుకుంటోంది. శాప్ కూడా అందరినీ 22 శాతానికి మారుస్తామంది, అదీ ప్రపంచమంతా మాంద్యంలో ఉన్నప్పుడు. కస్టమర్లు ఏకమై గొడవ చేశారు. 2010 జనవరిలో శాప్ వెనక్కి తగ్గి అంతకంటే తక్కువ శాతం ఉన్న రకం కూడా అందుబాటులోకి తెచ్చింది. ఇందులో రూపాయల సంగతి చూడండి. 10 లక్షల లైసెన్స్‌కు 22 శాతమంటే ఏటా 2.2 లక్షలు. ఐదేళ్లు తిరిగేసరికి 11 లక్షలు. అంటే సాఫ్ట్‌వేర్‌ను రెండోసారి కొన్నట్టే. తప్పులు సరిచేసే ఖర్చుతో ఈ శాతానికి సంబంధం ఉందని నాకైతే అనిపించదు. మానేస్తే కస్టమర్ పడే టెన్షన్‌కు కట్టిన ధర అది.

సగం ధరకు మేం చూసుకుంటామంటూ మూడో పార్టీలు వచ్చింది ఈ సందులోంచే. టుమారోనౌ అనే కంపెనీని 2005లో శాప్ కొనేసి, ఒరాకిల్ కస్టమర్లకు సపోర్ట్ ఇవ్వడం మొదలుపెట్టింది. 2007లో ఒరాకిల్ దావా వేసింది. 2010లో జ్యూరీ 130 కోట్ల డాలర్ల పరిహారం అంది. అది తగ్గి తగ్గి 2014లో 35.67 కోట్ల డాలర్ల దగ్గర రాజీ కుదిరింది. టుమారోనౌను నడిపినవాళ్లలో ఒకరైన సేత్ రవిన్ 2005లోనే అదే పని చేసే రిమిని స్ట్రీట్ పెట్టారు. దాని మీదా ఒరాకిల్ ఏళ్లకేళ్లు కేసులు నడిపింది. కంపెనీ మాత్రం నిలబడింది. అయితే ఈ మూడో దారి పెద్ద కంపెనీలదే. పీణ్యలో నలభై మంది పనిచేసే యూనిట్‌కు అది అందదు.

మన యూనిట్లకు అసలు సంగతి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ టాలీ దగ్గర ఉంది. 1986లో శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా ఈ బెంగళూరులోనే మొదలుపెట్టిన కంపెనీ అది. టాలీ లైసెన్స్ శాశ్వతం. ఏటా కట్టే టీఎస్ఎస్ (టాలీ ఏఎంసీ పేరు అదే) మానేసినా సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, వోచర్లు ఎక్కుతాయి, బ్యాలెన్స్ షీట్ వస్తుంది. కొత్త రిలీజులు, ఆన్‌లైన్ సేవలు ఆగిపోతాయి. చాలా ఏళ్లు ఒక్కరే వాడుకునే సిల్వర్ లైసెన్స్ ధర 18,000, టీఎస్ఎస్ 3,600 రూపాయలు ఉండేవి. అక్కడా సరిగ్గా ఇరవై శాతమే. జీఎస్టీ అదనం. మనం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునే క్రెడిట్ దొరుకుతుంది కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

2017కు ముందు టీఎస్ఎస్ మానేసి హాయిగా ఉన్నవాళ్లు కొల్లలు. 2017 జులై 1న జీఎస్టీ రావడంతో పాత వెర్షన్లు ఒక్క రోజులో పాతబడ్డాయి. ఆ తర్వాత ఊపిరి ఆడలేదు. ఈ-ఇన్వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలన్న నిబంధన) 2020 అక్టోబర్‌లో 500 కోట్ల పైబడిన టర్నోవర్ వాళ్లతో మొదలై, మెట్టుమెట్టుగా దిగి, 2023 ఆగస్టుకు 5 కోట్ల వాళ్ల దాకా వచ్చింది. అంటే సరిగ్గా పీణ్య దాకా. 2023 ఏప్రిల్ నుంచి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలన్నీ ఆడిట్ ట్రయల్ ఉన్న సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. ఎంట్రీ దిద్దితే ఎప్పుడు దిద్దారో నమోదవ్వాలి, దాన్ని ఆపేసే మీట ఉండకూడదు. ప్రొప్రయిటర్‌షిప్‌కు, పార్ట్‌నర్‌షిప్‌కు ఈ నిబంధన లేదు. అందుకే పక్కపక్క షెడ్లలో ఒకాయనకు రెన్యువల్ తప్పనిసరి, ఇంకొకాయనకు కాదు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ స్లాబులు మళ్లీ మారాయి. సాఫ్ట్‌వేర్‌లో ఏదీ అరగలేదన్నది నిజమే, కానీ దాని చుట్టూ చట్టం మారుతూ వచ్చింది. ఇప్పుడు అకౌంట్స్ ఏఎంసీలో కొంటున్నది ఆ మార్పులనే. అందుకే అకౌంట్స్ వరకూ కట్టేయడమే మేలని నా ఉద్దేశం.

కొత్త రిలీజు వేసుకోగానే ఎప్పుడో పార్టనర్ (సాఫ్ట్‌వేర్ అమ్మిన డీలర్) రాసిచ్చిన టీడీఎల్, అంటే మన అవసరానికి టాలీలో చేర్పించుకున్న ప్రోగ్రాం, పనిచేయక డెలివరీ చలాన్ ప్రింటు అడ్డదిడ్డంగా రావడమూ మామూలే. దాన్ని సరిచేయడానికి పార్టనర్ వేరే బిల్లు వేస్తాడు. అది ఏఎంసీలో ఉండదు.

డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ఈ వాదన వర్తించదు. చట్టం మారిందని డై డ్రాయింగ్ మారదు. ఏఎంసీ మానేసి పాత వెర్షన్ మీద పదేళ్లు లాగిన టూల్‌రూమ్‌లు ఉన్నాయి. ఇబ్బంది వస్తే రెండు చోట్ల వస్తుంది: కస్టమర్ పంపిన కొత్త వెర్షన్ ఫైల్ తెరుచుకోనప్పుడు, పాత విండోస్ ఉన్న కంప్యూటర్ పోయినప్పుడు. మానేశాక తిరిగి చేరాలంటే ఆగిన ఏళ్ల బకాయి, దాని మీద జరిమానా అడిగే కంపెనీలు చాలానే ఉన్నాయి.

పైగా మానేసే అవకాశమే తగ్గిపోతోంది. 2016లో ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కొత్త శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసింది. పాతవాళ్లకు మెయింటెనెన్స్ ధరను 2017లో 5, మరుసటేడు 10, ఆపై 20 శాతం చొప్పున పెంచుతూ, సబ్‌స్క్రిప్షన్‌కు మారితే తక్కువకు ఇస్తామంది. బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లిన సర్వర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వీఎంవేర్ 2023 డిసెంబర్‌లో ఒక్క దెబ్బతో అదే పని చేసింది. శాశ్వత లైసెన్స్‌కు ఏఎంసీ మానితే సాఫ్ట్‌వేర్ మిగులుతుంది. సబ్‌స్క్రిప్షన్ మానితే స్క్రీన్ లాక్ అవుతుంది. పార్టనర్ రెన్యువల్ కొటేషన్‌కు తోడు ఇంకాస్త తక్కువ అంకెతో సబ్‌స్క్రిప్షన్ కాగితం కూడా పంపినప్పుడు, ఆ తగ్గింపుకు బదులుగా పాత శాశ్వత లైసెన్స్‌ను వదులుకోవాలన్న షరతు ఉందేమో చూడాలి. అది ఉండేది మొదటి పేజీలో కాదు.