నీళ్లు కట్టేశాక కనిపించే కాలువ

విజయవాడలో కాలువ అసలు ఎలా ఉందో తెలియాలంటే, అది నిండుగా పారే సార్వా రోజుల్లో కాదు, ఎండాకాలం నీళ్లు కట్టేశాక వెళ్లి చూడాలి. ప్రకాశం బ్యారేజి ఎడమ వైపు నుంచి బయలుదేరిన కృష్ణ నీరు బందరు, రైవస్, ఏలూరు కాలువలుగా చీలి ఊరి నడుమ నుంచే డెల్టాకు పోతుంది. గేట్లు దించాక అక్కడ మిగిలేది నల్లటి మురుగు, గుర్రపుడెక్క, అడుగు నుంచి పైకి తేలే బుడగలు. అది ఎండాకాలంలో కొత్తగా వచ్చిన మురుగు కాదు. ఏడాది పొడవునా పడేదే. కృష్ణమ్మ దాన్ని పల్చన చేసి దిగువకు తోస్తోంది, అంతే. ఆ దిగువ ఊళ్లు మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఈ కాలువల నుంచే.

ఇలా పల్చన చేయడానికి ఎన్ని నీళ్లు ఖర్చవుతాయి? కుళ్లే పదార్థాన్ని తినేటప్పుడు సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ లెక్కే బీఓడీ. మన దగ్గర నీటిని 27 డిగ్రీల వద్ద 3 రోజులు సీసాలో ఉంచి దీన్ని కొలుస్తారు. ఇళ్ల మురుగులో ఇది లీటరుకు సుమారు 250 మిల్లీగ్రాములు. స్నానానికి పనికొచ్చే నీటిలో 3 దాటకూడదు. కలిసే నీటిలో 1 మాత్రమే ఉందనుకున్నా, లీటరు మురుగుకు దాదాపు 124 లీటర్లు కావాలి. మనిషికి రోజుకు 135 లీటర్లు సరఫరా చేస్తే అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు, మురుగుగా తిరిగొస్తుంది. ఒక్క మనిషి మురుగును పల్చన చేయడానికే రోజుకు 13 వేల లీటర్లు! అదే మురుగును శుద్ధి చేసి బీఓడీని 10కి దించితే, లీటరుకు మూడున్నర లీటర్లు చాలు.

నీళ్లు కట్టేశాక ఈ సాయమూ ఉండదు. 30 డిగ్రీల దగ్గర నీటిలో కరగగలిగే ఆక్సిజనే లీటరుకు 7.5 మిల్లీగ్రాములు. చేపకు కనీసం 4 ఉండాలి. ఆక్సిజన్ అయిపోయాక గాలి అక్కర్లేని బ్యాక్టీరియాదే రాజ్యం. కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్‌ది.

ఏటా పూడిక తీస్తాం, డెక్క లాగేస్తాం. రెండూ కావలసిన పనులే, కానీ వాటితో మొదలుపెడితే డబ్బు కాలువ పాలే. గుర్రపుడెక్కకు తిండి మురుగులోని నైట్రోజన్, ఫాస్ఫరస్. అవి దొరికినంత కాలం రెండు వారాల్లో రెట్టింపవుతుంది. గట్టు మీద పోసి వదిలేసిన పూడిక మొదటి వానకే మళ్లీ లోపలికి జారుతుంది.

పని మొదలవ్వాల్సింది డ్రైను కాలువలో కలిసే చోట. వాన లేని రోజు ఉదయం ఇళ్లలో వాడకం ఎక్కువగా ఉండే వేళ ప్రతి గొట్టం దగ్గర నిలబడి, బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడాలి. ఆ రోజు పారేదంతా మురుగే. డ్రైనుకు అడ్డంగా చిన్న కట్ట కడితే ఆ ప్రవాహం పక్క గదిలోకి మళ్లుతుంది. అక్కడ ముందు ఊచల జల్లెడ, తర్వాత ఇసుక దిగే తొట్టి, ఆపైన మురుగును శుద్ధి కేంద్రానికి తోడే పంపుల బావి. వాననీరు మాత్రం కట్ట మీదుగా కాలువలోకి పోతుంది. కట్ట ఎత్తు ఎక్కువైతే వీధి మునుగుతుంది. జల్లెడకు పట్టిన ప్లాస్టిక్ కవర్లను రోజూ లాగకపోతే, వాన లేని రోజు కూడా మురుగు కట్ట దాటుతుంది. ఎక్కువ చోట్ల దెబ్బతినేది ఇక్కడే. కట్టడానికి టెండరు ఉంటుంది, ఊడ్చడానికి మనిషి ఉండడు. కరెంటు పోతే నడిపే జనరేటరు, అదనపు పంపు లేకపోయినా అదే గతి.

డెల్టా నేల చదును. మురుగును శుద్ధి కేంద్రానికి మోసే గొట్టంలో ప్రవాహం సెకనుకు 0.6 మీటర్ల కంటే తగ్గితే ఇసుక కిందికి దిగి పూడుకుపోతుంది. అందుకే గొట్టాన్ని వాలుగా లోతుకు దించి, మధ్యమధ్య మురుగును పైకి ఎత్తిపోయాలి.

సెప్టిక్ ట్యాంకు ఉంది కదా అని డ్రైనులోకి గొట్టం పెట్టేవాళ్లు ఎందరో. బాగా పనిచేసే ట్యాంకు కూడా బీఓడీని 30 నుంచి 40 శాతమే తగ్గిస్తుంది. రెండు మూడేళ్లకోసారి తోడించకపోతే అదీ ఉండదు. ఊరి పక్క బుడమేరు వాగుదీ ఇదే కథ, కాకపోతే దాని కొస కొల్లేరు సరస్సు.

ఈ గొట్టాలన్నీ మళ్లించాకే అడుగు పూడిక తీయాలి. దాన్ని ఎండబెట్టి, సీసం, క్రోమియం లాంటి లోహాలకు పరీక్ష చేయించాకే పొలాలకు తోలాలి.